పాత డ్రయ్యర్‌కు కొత్త ప్రోగ్రామబుల్ థర్మోస్టాట్ అమర్చడం

లక్ష్యాలు
ఈ భాగాన్ని చదివిన తరవాత మీరు:
• థర్మోస్టాట్, కాంటాక్టర్, హీటర్ల పనుల మధ్య తేడాను వివరించగలరు.
• కొత్త థర్మోస్టాట్‌కు వచ్చే మూడు జతల తీగలను గుర్తించగలరు.
• రక్షణ ఏర్పాట్లు ఎందుకు అవసరమో చెప్పగలరు.

పరిచయం
మందస, పలాస ప్రాంతాల జీడిపప్పు పరిశ్రమ గురించి మీకు తెలిసే ఉంటుంది. పిక్కను పగలగొట్టి తీసిన పప్పుకు పలుచని పొట్టు అంటుకొని ఉంటుంది. వేడిగాలిలో ఆరబెడితేనే అది సులువుగా ఊడుతుంది. వేడి చాలకపోతే పొట్టు తీసేటప్పుడు పప్పు ముక్కలవుతుంది. వేడి మించితే రంగు మారుతుంది, పెళుసెక్కుతుంది. గుళ్లకు పలికే ధర బద్దలకు, ముక్కలకు పలకదు. అందుకే డ్రయ్యర్ ఉష్ణోగ్రతను అదుపులో ఉంచడం ముఖ్యం. ఆవిరితో నడిచే డ్రయ్యర్లూ ఉన్నాయి. ఇక్కడ విద్యుత్ హీటర్లు, బ్లోయర్ గల పాత డ్రయ్యర్‌ను ఉదాహరణగా తీసుకుందాం.

నిర్ణయించేది ఒకటి, భారం మోసేది మరొకటి
9 కిలోవాట్ల త్రీఫేజ్ హీటర్‌కు 415 వోల్టుల వద్ద ఒక్కో ఫేజ్‌లో ఎంత విద్యుత్ ప్రవహిస్తుందో లెక్కించండి:
9000 ÷ (1.732 × 415) = సుమారు 12.5 ఆంపియర్లు.
డిజిటల్ థర్మోస్టాట్ లోపలి చిన్న రిలే ఇంత భారం మోయలేదు. అది కాంటాక్టర్ కాయిల్‌కు మాత్రమే విద్యుత్ ఇవ్వాలి. కాయిల్ లాగినప్పుడు కాంటాక్టర్‌లోని పెద్ద కాంటాక్టులు మూసుకొని హీటర్‌కు విద్యుత్ అందిస్తాయి. పాత థర్మోస్టాట్ తీగలు నేరుగా హీటర్‌కు వెళ్తున్నట్లయితే, కొత్తదానికంటే ముందు కాంటాక్టర్ అమర్చాలి.

కాయిల్ మీద ముద్రించిన వోల్టేజీని తప్పక చదవండి. కొన్ని పాత కాయిల్స్ 415 వోల్టులవి. థర్మోస్టాట్ రిలే 230 వోల్టులకు తయారైనదైతే, కాయిల్‌ను 230 వోల్టులదానితో మార్చాలి.

మూడు జతల తీగలు
1. విద్యుత్ సరఫరా: పాత బల్బు రకం థర్మోస్టాట్ వేడికి వ్యాకోచించే ద్రవంతో పనిచేస్తుంది. దానికి విడిగా విద్యుత్ అక్కరలేదు. కొత్తదానికి తెర, గడియారం ఉన్నాయి కాబట్టి ఫేజ్, న్యూట్రల్ ఎప్పుడూ అందాలి. పాత స్విచ్ వద్ద న్యూట్రల్ లేకపోవచ్చు. అప్పుడు కొత్త తీగ లాగవలసి ఉంటుంది.

2. సెన్సార్: పీటీ 100 సెన్సార్ నిరోధం 0 డిగ్రీల సెల్సియస్ వద్ద 100 ఓములు, 70 డిగ్రీల వద్ద సుమారు 127 ఓములు. మూడు తీగల రకంలో రెండు తీగలు సెన్సార్ దగ్గర ఒకే కొనకు కలిసి ఉంటాయి. సెన్సార్‌ను థర్మోస్టాట్ నుంచి విప్పి మల్టీమీటర్‌తో కొలిస్తే ఆ రెండింటి మధ్య దాదాపు సున్నా వస్తుంది. రంగును నమ్మకండి, కొలిచి నిర్ధారించుకోండి. ఈ తీగలను హీటర్ తీగలతో కలిపి ఒకే గొట్టంలో లాగకూడదు.

3. అవుట్‌పుట్: రిలేకు ఉమ్మడి, ‘ఎన్ఓ’, ‘ఎన్‌సీ’ అనే మూడు టెర్మినళ్లు ఉంటాయి. రిలే పనిచేయనప్పుడు తెరచి ఉండేది ఎన్ఓ. హీటర్ కోసం ఉమ్మడి, ఎన్ఓ టెర్మినళ్లనే వాడాలి. ఎన్‌సీకి కలిపితే థర్మోస్టాట్‌కు సరఫరా ఆగినప్పుడు కూడా హీటర్ వెలుగుతూనే ఉండగలదు.

అమెరికాలోని చాలా ఇళ్లలో ఫర్నేస్, ఏసీలను నడిపించే 24 వోల్టుల థర్మోస్టాట్‌లోనూ ఇదే తర్కం కనిపిస్తుంది. అక్కడ ఆర్ సరఫరా, డబ్ల్యూ వేడి, వై ఏసీ కంప్రెసర్, జీ ఫ్యాన్, సీ తిరుగు తీగ. పాత గోడల్లో సీ తీగ లేకపోవడమే కొత్త థర్మోస్టాట్ అమర్చేవారికి తరచుగా ఎదురయ్యే చిక్కు.

రక్షణ ఏర్పాట్లు
బ్లోయర్ ఆగినప్పుడు హీటర్ వెలగకూడదు. అందుకు బ్లోయర్ కాంటాక్టర్ సహాయక కాంటాక్టును హీటర్ కాయిల్ తీగలో శ్రేణిలో కలపాలి. కాంటాక్టర్ కాంటాక్టులు ఒక్కోసారి అతుక్కుపోతాయి. అప్పుడు థర్మోస్టాట్ ఆపినా హీటర్ ఆగదు. కాబట్టి అధిక ఉష్ణోగ్రత కటౌట్ మరో కాంటాక్టర్‌ను విడదీసేలా ఉండాలి.

పని మొదలుపెట్టే ముందు మెయిన్ స్విచ్ ఆపి తాళం వేయాలి. టెస్టర్ సరిగా పనిచేస్తున్నదో ముందుగా విద్యుత్ ఉన్నచోట చూసి, ఆ తరవాత ప్రతి ఫేజ్‌నూ పరీక్షించాలి. పాత తీగలను విప్పకముందే వాటికి గుర్తులు పెట్టి పటం గీసుకోవాలి. ఈ పని లైసెన్సు గల ఎలక్ట్రీషియన్ చేయాలి. మీరు చదువుతున్నది ఆ పనిని అర్థం చేసుకొని సరిచూడడానికి.

చివరగా ప్రోగ్రామ్. కరెంటు పోయి వచ్చినప్పుడు అది మొదటినుంచి మొదలవుతుందా, ఆగినచోటునుంచి సాగుతుందా అన్నది అమరికలో చూడండి. సగం ఆరిన పప్పుకు పూర్తి సమయం మళ్లీ పడితే మాడిపోతుంది.

సారాంశం
థర్మోస్టాట్ నిర్ణయిస్తుంది, కాంటాక్టర్ భారం మోస్తుంది, కటౌట్ కాపాడుతుంది. ఏ తీగ ఏ పనికోసమో తెలిస్తే పాత యంత్రానికి కొత్త పరికరాన్ని సురక్షితంగా అమర్చవచ్చు.

మీ ప్రగతిని పరీక్షించుకోండి
1. 6 కిలోవాట్ల త్రీఫేజ్ హీటర్‌కు 415 వోల్టుల వద్ద ఒక్కో ఫేజ్‌లో ఎన్ని ఆంపియర్లు ప్రవహిస్తాయి?
2. హీటర్ కాయిల్‌ను ఎన్‌సీ టెర్మినల్‌కు ఎందుకు కలపకూడదు?