పేరు తాతది, మనిషి మనవడు

తాత పేరు మనవడికి పెట్టుకోవడం మన ఇళ్లలో మామూలే. పాత కాగితాల్లో ఆ పేరు కనిపిస్తే అది తాతా, మనవడా అని పుట్టిన సంవత్సరం చూసి తేల్చుకుంటాం. ప్రోగ్రామర్లు రోజూ వాడే ‘పైథాన్:3.12’ అనే పేరు కూడా అలాంటిదే. పేరు అదే ఉంటుంది, దాని వెనకున్న సరుకు మాత్రం మారిపోతూ ఉంటుంది. మారిందని ఎవరూ కబురు పెట్టరు. ఈ చిన్న విషయం అర్థం కాకనే కొన్ని సంస్థలు తెల్లారేసరికి పనిచేయని ప్రోగ్రాములతో తల పట్టుకుంటాయి. మరికొన్ని ఏళ్ల తరబడి చిల్లులున్న సాఫ్ట్‌వేర్‌నే నడుపుతూ అంతా బాగానే ఉందనుకుంటాయి.

కంటైనర్ అంటే ప్రోగ్రామును, దానికి కావలసిన సరంజామాతో సహా మూటగట్టి నడపడం. ఆ మూటే ఇమేజ్. ‘నా కంప్యూటర్లో బాగానే నడిచిందే’ అన్న పాత గొడవకు విరుగుడుగా ఈ పద్ధతిని అందరికీ అందుబాటులోకి తెచ్చింది డాకర్. దాన్ని సాలమన్ హైక్స్ 2013 మార్చిలో అమెరికాలోని శాంటాక్లారాలో, పైథాన్ భాష ప్రోగ్రామర్ల సభలోనే తొలిసారి లోకానికి చూపించాడు. ఇమేజ్ పొరలు పొరలుగా ఉంటుంది. అడుగున డెబియన్ అనే లినక్స్, దాని మీద రహస్య సంభాషణకు పనికొచ్చే ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ లాంటి లైబ్రరీలు, ఆపైన పైథాన్, అన్నిటికంటే పైన మనం రాసుకున్న ప్రోగ్రాము. మనం రాసింది పిడికెడు, తెచ్చుకున్నది బస్తాడు. పైగా ఈ మూట ఫోన్‌లోని యాప్‌లా తనంతట తాను అప్‌డేట్ కాదు. కట్టిన రోజు ఏముందో అదే ఉంటుంది, నిరుటి పంచాంగంలాగా. లోపల మార్పు కావాలంటే కొత్త మూట కట్టి పాతదాన్ని పక్కన పెట్టాల్సిందే.

ఇమేజ్‌లను అందరికీ పంచే డాకర్ హబ్‌లో ఉండే పైథాన్ అధికారిక ఇమేజ్‌ను, అడుగున ఉన్న డెబియన్ ఇమేజ్ మారినప్పుడల్లా మళ్లీ కడతారు. పైథాన్‌కు చిన్న సవరణ విడుదలైనా కడతారు. పాతదాని పేరు తీసి కొత్తదానికి తగిలిస్తారు. దీనివల్ల ఒక తమాషా జరుగుతుంది. ఒక యంత్రం ఆ పేరుతో ఉన్న ఇమేజ్‌ను జనవరిలో దింపుకుని దాచుకుంది, ఇంకో యంత్రం జూన్‌లో దింపుకుంది అనుకోండి. రెండింట్లోనూ పేరు ఒకటే, లోపలి సరుకు వేరు. మొదటి యంత్రం తన దగ్గరున్నది చాల్లే అనుకుని మళ్లీ హబ్ వైపు చూడదు. ‘నా కంప్యూటర్లో బాగానే నడిచిందే’ అన్న గొడవ వెనక గుమ్మంలోంచి మళ్లీ ఇంట్లోకి వచ్చినట్టే.

2023 జూన్ 10న డెబియన్ 12, అంటే ‘బుక్‌వర్మ్’, విడుదలైంది. అడుగు పొర పేరు చెప్పకుండా పైథాన్ ఇమేజ్‌ను వాడుకుంటున్నవారికి ఆ తర్వాత అడుగు పొర పాత డెబియన్ ‘బుల్స్‌ఐ’ నుంచి బుక్‌వర్మ్‌కు మారిపోయింది. పైథాన్ మారలేదు. మారినవాటిలో ఒకటి కింద ఉండే సి లైబ్రరీ. అది ప్రోగ్రాములో కొత్త థ్రెడ్ మొదలుపెట్టడానికి కొత్త పద్ధతిలో అనుమతి అడుగుతుంది. పాత డాకర్ వేసిన కాపలాకు ఆ పద్ధతి తెలియక నిరాకరించింది. పాత డాకర్ ఉన్న సర్వర్లలో ‘కొత్త థ్రెడ్ మొదలుపెట్టలేను’ అన్న ఎర్రర్ వచ్చింది. సొంత కోడ్‌లో ఒక్క అక్షరం మార్చనివాళ్లు తప్పు ఎక్కడని వెతుక్కోవాలి?

అందుకే కొందరు పేరును నమ్మడం మానేసి వేలిముద్ర అడుగుతారు. ప్రతి ఇమేజ్‌కూ డైజెస్ట్ అనే 64 అక్షరాల గుర్తు ఉంటుంది. లోపల ఒక్క బిట్ మారినా అది మారిపోతుంది. మూట ఎలా కట్టాలో చెప్పే డాకర్‌ఫైల్‌లో దాన్ని రాసుకుంటే ఎప్పుడు కట్టినా అడుగున అదే ఇమేజ్ వస్తుంది. ఇంతవరకు నాకూ సమ్మతమే. పేచీ తర్వాతి అడుగు దగ్గరే. ‘ఇక ముట్టుకోవద్దు’ అంటారు చాలామంది. ముట్టుకోకపోతే ఏమవుతుందో అమెరికాలో ఈక్విఫాక్స్ అనే సంస్థ ఉదంతం చూపించింది. 2017 మార్చిలో అపాచీ స్ట్రట్స్ అనే సాఫ్ట్‌వేర్‌లోని లోపానికి సవరణ వచ్చింది, ఆ సంస్థ వేసుకోలేదు, మే నెల నుంచి దొంగలు లోపల తిరిగారు. దాదాపు 14.7 కోట్ల మంది వివరాలు పోయాయి. అది కంటైనర్ల కథ కాదు. కానీ వేలిముద్ర రాసుకుని మరిచిపోయిన ఇమేజ్ సరిగ్గా ఆ స్థితిలోనే ఉంటుంది, పైగా మన చేత్తో మనమే గడియ పెట్టుకుని.

‘కంటైనర్ గోడలున్న గది కదా, లోపల చిల్లుంటే ఏం?’ అంటారు కొందరు. ఆ గోడకే 2019 ఫిబ్రవరిలో కన్నం బయటపడింది. డాకర్ వాడే రన్‌సీ అనే భాగంలోని లోపంతో కంటైనర్‌లోంచి అసలు యంత్రం మీదకు రావచ్చని తేలింది. అయినా దొంగ బయటికి రావాల్సిన అవసరం ఏముంది? డేటాబేస్ పాస్‌వర్డు సాధారణంగా ఆ గదిలోనే ఉంటుంది.

ఇంతకన్నా బలమైన అభ్యంతరం మరొకటి ఉంది: అప్‌డేట్లే కొంప ముంచుతాయి కదా అని. నిజమే. 2024 జూలై 19న క్రౌడ్‌స్ట్రైక్ అనే భద్రతా సంస్థ అప్‌డేట్ ఒకటి సుమారు 85 లక్షల విండోస్ యంత్రాలను పడుకోబెట్టింది. అదే ఏడాది మార్చిలో ఎక్స్‌జెడ్ అనే కుదింపు సాధనం కొత్త విడుదలల్లో ఎవరో దొంగదారి పెట్టినట్టు బయటపడింది. లాగిన్‌కు అర సెకను ఎక్కువ పడుతోందేమిటని ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజనీరు ఆరా తీయబట్టి అది దొరికింది. అయితే ఎక్స్‌జెడ్ బారిన పడింది డెబియన్‌లో పరీక్ష దశలో ఉన్న శాఖలు, స్థిరమైన విడుదల కాదు. కాబట్టి కొత్తదల్లా ఎక్కించుకోమని ఎవరూ అనడం లేదు. 3.12లోనే వచ్చే చిన్న సవరణ వేరు, బుక్‌వర్మ్ నుంచి తర్వాతి డెబియన్ అయిన ట్రిక్సీకి మారడం వేరు, 3.12 నుంచి 3.13కు వెళ్లడం వేరు. మొదటిది వారంలో కానిచ్చేయవచ్చు. మిగతా రెండింటికీ, ముఖ్యంగా మూడోదానికి, తీరిక కావాలి. 3.13లో ఏకంగా 19 పాత మాడ్యూళ్లను పైథాన్ నుంచి తీసేశారు మరి.

నేను చెప్పేది ఇంతే: అడుగు పొర పేరుతో సహా రాయండి, పక్కన వేలిముద్ర పెట్టండి, దాన్ని మార్చే రోజును మీరే నిర్ణయించుకోండి. కొత్త ఇమేజ్ రాగానే డిపెండబాట్ లాంటి సాధనం మార్పును సిద్ధం చేసి చూపిస్తుంది. పరీక్షలు నెగ్గితే ఒప్పుకోవచ్చు, లేదంటే పాతదే ఉంచి కారణం వెతకవచ్చు. చిన్న సంస్థకు ఇంత తీరిక ఎక్కడిదంటే, పరీక్షలు రాసి పెట్టుకోని సంస్థకు ఇది బరువేనని ఒప్పుకుంటాను. కానీ ఆ బరువు వాయిదా వేస్తే తగ్గేది కాదు. మూడేళ్ల మార్పులు ఒక్కసారి మీద పడితే ఏది దేన్ని విరగ్గొట్టిందో చెప్పడం కష్టం.

పైథాన్ తారీఖులు ముందే చెబుతుంది. ఏటా అక్టోబరులో కొత్త వెర్షన్ వస్తుంది, ప్రతి వెర్షన్‌కూ ఆయుష్షు దాదాపు ఐదేళ్లు. ఆ గడువు దాటాక అధికారిక ఇమేజ్‌ను మళ్లీ కట్టడం ఆపేస్తారు. హబ్‌లోంచి మాత్రం తీసేయరు. అడిగినవాళ్లకు అడిగినట్టే దిగుతూనే ఉంటుంది, హెచ్చరిక ఏదీ రాదు. 3.9 గడువు 2025 అక్టోబరుతో ముగిసింది, 3.10కి 2026 అక్టోబరు. మీ డాకర్‌ఫైల్ మొదటి వరుస ఏమంటోందో ఒకసారి తెరిచి చూసుకోండి.