పొలం గట్టున పెరిగిన కవి కొసరాజు

బాపట్ల దగ్గరి అప్పికట్లలో 1905లో పుట్టిన కొసరాజు రాఘవయ్య చౌదరి ఎంత ఎదిగినా పల్లె నుడిని వదల్లేదు. ఆయన ఎదుగుదలకు మూలం అదే. 1939లో ‘రైతుబిడ్డ’ సినిమాకు పాటలు రాసి, అందులో నటించారు. చాలా ఏళ్ల తర్వాత 1954లో ‘పెద్దమనుషులు’ ఆయనను మళ్లీ నిలబెట్టింది. మరుసటి ఏడాది ‘రోజులు మారాయి’లో ఆయన రాసిన ఏరువాక పాట ఊరూరా మోగింది.

స్టూడియోలో పుట్టిన ఈ పాట జానపదమెలా అవుతుందని కొందరంటారు. మాస్టర్ వేణు సంగీతం, జిక్కి గొంతు సినిమావే, నిజమే. కానీ అందులోని విత్తనాల గంప, చద్దిమూట, ముల్లుగర్ర సేద్యమెరిగినవాడి చూపు. సినిమా ఆయన పల్లెను చెరపలేదు, నలుగురికీ వినిపించింది. అందుకే ఆ చుట్టుపక్కల తెనాలి, రేపల్లె బడుల్లో పిల్లలకు ఆయన పాటలు నేర్పాలి.