బాపు దగ్గరికి ఎన్ని గంటలు?

డిసెంబరులో ఓ బుధవారం. శాన్‌ఫ్రాన్సిస్కోలో మధ్యాహ్నం ఒంటిగంట. హైదరాబాద్‌లో అప్పటికే గురువారం తెల్లవారుజామున రెండున్నర. ఆ వేళప్పుడు అన్న ఫోన్ చేశాడంటేనే గుండె జారింది. ‘‘బాపును దవాఖానల చేర్పించినం. జల్ది రా.’’

మ్యాప్‌లో చూస్తే పసిఫిక్ మీదుగా అడ్డంగా వెళ్లాలేమో అనిపిస్తుంది. కానీ భూమి గుండ్రం కదా! హైదరాబాద్‌కి దగ్గరి దారి అలాస్కా, సైబీరియాల మీదుగా పోతుంది. దాదాపు 13,500 కిలోమీటర్లు. గంటకు 900 చొప్పున 15 గంటలు.

అది కాగితం మీది లెక్క. నాకు దొరికింది మర్నాడు సాయంత్రం దుబాయ్ మీదుగా టికెట్. దుబాయ్‌కి 16 గంటలు, అక్కడ 4 గంటల పడిగాపులు, శంషాబాద్‌కి మరో మూడున్నర. అక్కణ్నుంచి కరీంనగర్‌కి కారులో నాలుగు. మొత్తం 27న్నర!

గురువారం ఎక్కితే శనివారం తెల్లారి దిగాను. కాలమానం 13న్నర గంటలు ముందుకు జరిగి, శుక్రవారం సగానికి పైగా మింగేసింది. దారి పొడవునా ఒకటే భయం... ‘అందుతానా?’ అని.

వార్డులో బాపు కళ్లు తెరిచి, నా చెయ్యి పట్టుకున్నాడు.

‘‘గింత జల్ది ఎట్లొచ్చినవ్ బిడ్డా?’’

నాకు యుగంలా గడిచిన ప్రయాణం, ఆయన లెక్కలో జల్దే! ఆ రోజు నుంచి నా పాస్‌పోర్టు అల్మారాలో లేదు, చేతిసంచిలోనే ఉంటోంది.