పాత మోటారు సైకిలుకు కొత్త చక్రం

అనంతగిరి కొండలలోని బొర్రా గుహలు సముద్రమట్టానికి సుమారు 700 మీటర్ల ఎత్తున ఉన్నవి. ఒక పాత బుల్లెట్టు మోటారు సైకిలుపై ఇద్దరు అక్కడినుండి విశాఖపట్నం దిగివస్తున్నారనుకొందాము. బండి, మనుషులు కలిసి 300 కిలోగ్రాములైతే, ఆ ఎత్తు దిగుటలో వదలిపోవలసిన శక్తి సుమారు 20 లక్షల జౌళ్లు. ఆరు లీటర్ల చల్లని నీటిని మరిగే స్థితికి తెచ్చుటకు అది చాలును. గాలి, ఇంజను కొంత హరించగా, తక్కినదానిలో ఎక్కువ భాగం బ్రేకులలో వేడిగా మారుతుంది. బ్రేకు పట్టేది చక్రం నడుమ ఉన్న హబ్బును. బండిని నిలిపేది నేలను తాకే కొద్దిపాటి రబ్బరు. ఈ రెంటినీ కలిపేవి చువ్వలు, రిమ్ము. కనుక చక్రం కొత్తగా కట్టించేటప్పుడు రిమ్మును, టైరును జతగా ఎన్నుకొనవలెను.

1955లో మద్రాసులో ఏర్పడిన ఎన్‌ఫీల్డు ఇండియా సంస్థవారి 350 సి.సి. బుల్లెట్టుకు చిరకాలం వాడిన టైరు కొలత 3.25–19. మొదటి సంఖ్య టైరు వెడల్పు, రెండవది రిమ్ము వ్యాసం, రెండూ అంగుళాలే. కాని రిమ్మును అంచునుండి అంచుకు కొలిచి చూస్తే 19 కంటె ఎక్కువ వస్తుంది. కారణమేమి? టైరు అంచులో ఉక్కుతీగ దాగి ఉంటుంది. ఆ అంచు రిమ్ములో కూర్చునే చోటి వ్యాసమే 19. తీగ సాగదు. కనుక 18 అంగుళాల టైరు ఈ రిమ్ముకు ఎక్కదు.

రిమ్ముతోపాటు 18కి మార్చితే? ఈ పాత టైర్లలో ఎత్తు దాదాపు వెడల్పుతో సమానం. కాబట్టి మొత్తం వ్యాసం 25.5 అంగుళాలనుండి 24.5కు తగ్గుతుంది. చక్రం అదే దూరానికి నూటికి నాలుగు చుట్లు ఎక్కువ తిరుగుతుంది. ముందు చక్రంతో నడిచే వేగమాపకం అసలు వేగం కంటె ఎక్కువ చూపుతుంది.

వెడల్పు సంగతి మరొకటి. 3.25 టైరుకు 1.85 అంగుళాల వెడల్పుగల రిమ్ము తగినది. దానిపై 4.00 టైరు ఎక్కించితే అంచులు దగ్గరకు నొక్కుకొని, టైరు ఆకారం మారి, మలుపులలో పక్కగోడలు ఊగుతవి. లావు టైరు ఎప్పుడూ మంచి పట్టునిస్తుందనుట సరికాదు.

రిమ్ము రంధ్రాల సంఖ్య హబ్బుతో సరిపోవుట చాలదు. చువ్వ వచ్చే కోణానికే రంధ్రం ఒరిగి ఉండవలెను. లేనిచో నిపులు దగ్గర చువ్వ వంగుతుంది. తిరిగే ప్రతి చుట్టులోను దాని బిగువు హెచ్చి తగ్గుతుంది గనుక, ఆ వంపువద్దనే లోహం అలసి తెగుతుంది.

ఉక్కు రిమ్ము బరువైనది. కొద్దిగా వంగితే సరిచేయవచ్చును. అల్యూమినియం మిశ్రమపు రిమ్ము తేలిక. గతుకులపై చక్రం నేలను విడువకుండ పోతుంది. పాత ఉక్కు రిమ్మునే వాడదలచినవారు టైరు విప్పి లోపలివైపు చూడవలెను. పైన క్రోమియం మెరుస్తున్నా, వాననీరు చేరిన రంధ్రాలచుట్టు తుప్పు తినివేసి ఉండవచ్చును. ట్యూబుకు నిపుళ్లు గుచ్చుకొనకుండ రబ్బరు పట్టీ వేయుట మరువరాదు.

చివరకు టైరు వయస్సు. నేటి టైర్ల పక్కగోడపై నాలుగంకెల గుర్తు ఉంటుంది: 2319 అంటే 2019వ సంవత్సరం 23వ వారంలో తయారైనదని అర్థం. పాత బండ్లు తక్కువ తిరుగుతవి. గాడులు అరుగకముందే రబ్బరు ముదిరి గట్టిపడుతుంది. తడిసిన ఘాట్ రోడ్డుపై అట్టి టైరు, గాడులెంత లోతుగా ఉన్నా, జారుతుంది. ఉపాధ్యాయులు పాఠశాల ముంగిట ఉన్న ఏ మోటారు సైకిలు వద్దనైనా విద్యార్థులచేత ఈ అంకెలు చదివించి, లెక్క కట్టించవచ్చును.