జబ్బు తీసుకెళ్లిన జుట్టు, చలికాలపు వుజూ

డిసెంబరు, జనవరి నెలల్లో మౌలాలి గుట్ట వైపు నుంచి వీచే గాలి ఫజ్ర్ వేళ ఎముకలను కొరుకుతుంది. మస్జిదు కుళాయి నీటిలో చేయి పెట్టడానికి యువకులే వెనకాడతారు. అటువంటి ఒక శీతకాలంలో మా మదరసాలో చదివే బాలుని నానమ్మ మా ఇంటికి వచ్చి, పరదా చాటున కూర్చొని, మా శ్రీమతి ద్వారా ఒక సంగతి అడిగించారు. క్యాన్సర్ చికిత్సలో ఆమె జుట్టంతా రాలిపోయింది. గల్ఫ్‌లో ఉన్న తమ్ముడు మనిషి జుట్టుతో చేసిన విగ్గు పంపాడు. దానిని టేపుతో తలకు అంటించుకున్నారు. తెల్లవారుజామున ఊడదీస్తే బోడితలకు చలి, తీయకుంటే వుజూ సందేహం. ఈ రెండింటి నడుమ ఫజ్ర్ నమాజు తప్పిపోతున్నదని ఆమె కన్నీరు పెట్టుకున్నారు.

మొదట షరీఅత్ మాట చెప్పుకుందాం. తట్టు సోకి జుట్టు రాలిన తన కుమార్తెకు పెళ్లి జరగనుండగా జుట్టు అతికించవచ్చునా అని ఒక స్త్రీ అడిగిన సంఘటన సహీహ్ బుఖారీలో హజ్రత్ అస్మా (రజి.) ఉల్లేఖనంగా ఉంది. దైవప్రవక్త (స.అ.సం) అందుకు అనుమతించలేదు. అతికించే స్త్రీ, అతికించుకునే స్త్రీ ఇరువురూ అల్లాహ్ శాపానికి గురైనవారని హెచ్చరించారు. మానవ శరీర భాగం గౌరవనీయమైనది, అది వాడకపు వస్తువు కాకూడదు అన్న కారణంతో హనఫీ ఫుఖహాలు మనిషి జుట్టును నిషేధించి, ఉన్ని, పట్టు దారాల వంటి వాటిని అనుమతించారు. యుద్ధంలో ముక్కు కోల్పోయిన హజ్రత్ అర్ఫజా (రజి.)కు బంగారు ముక్కు పెట్టుకొనుటకు దైవప్రవక్త (స.అ.సం) అనుమతి లభించింది. దానిని ఆధారంగా తీసుకొని, వ్యాధి వలన జుట్టు పూర్తిగా పోయినవారికి నేటి పండితులు కొందరు వెసులుబాటు చూపుతున్నారు. కనుక ప్రతి సోదరి తన పరిస్థితిని ముఫ్తీ గారికి వివరించి తీర్పు పొందాలి. కృత్రిమ దారపు విగ్గు దొరికినప్పుడు దానినే ఎంచుకొనడం జాగ్రత్త అని మా అభిప్రాయం.

జుట్టు ఎక్కడిదన్న ప్రశ్న మనకొక్కరికే పుట్టలేదు. తిరుమలలో భక్తులు సమర్పించే తలనీలాలను దేవస్థానం వేలం వేస్తుంది. ఏలూరులో జుట్టును శుభ్రపరచి ఎగుమతి చేసేవారున్నారు. 2004లో, అది పూజలో అర్పించిన జుట్టు అన్న కారణంగా, న్యూయార్క్‌లోని బ్రూక్లిన్‌లో సంప్రదాయ యూదులు తమ విగ్గులను వీధిలో తగులబెట్టారు.

ఇక వుజూ. హనఫీ మతం ప్రకారం తలలో నాలుగోవంతు మసహ్ చేయడం ఫర్జ్. విగ్గు మీద చేసిన మసహ్ చెల్లదు, దానిని తీయాలి. గుస్ల్‌లోనైతే నీరు తల చర్మానికి చేరాలి గనుక టేపు, జిగురు మిగలకూడదు. అందుచేత అంటించేది కాక, సులువుగా తీసి పెట్టుకునే విగ్గు మేలు. మసహ్‌కు తడిచేయి చాలు, బిందెడు నీళ్లు అక్కరలేదు. నీటిని వేడి చేసుకోవచ్చు, వెంటనే తల తుడుచుకోవచ్చు. గడ్డకట్టే చలి రాత్రిలో గుస్ల్‌కు బదులు తయమ్ముమ్ చేసి నమాజు చేయించిన హజ్రత్ అమ్ర్ బిన్ ఆస్ (రజి.) సంజాయిషీ విని దైవప్రవక్త (స.అ.సం) చిరునవ్వు నవ్వారే గాని మందలించలేదని అబూ దావూద్‌లో ఉంది. నీరు నిజంగా హాని చేస్తుందని వైద్యులు చెప్పినవారికి ఆ ద్వారం నేటికీ తెరిచే ఉంది.

విగ్గు జుట్టుకు తల నుంచి సహజమైన జిడ్డు అందదు. కనుక పొడిగాలికి అది త్వరగా ఎండి, చిక్కుపడుతుంది. పరాయి పురుషుల ఎదుట విగ్గు స్కార్ఫుకు బదులు కాదు, దానినీ కప్పవలసిందే. అయితే ఉన్ని శాలువా నేరుగా రాసుకుంటే చిక్కులు పెరుగుతాయి, నడుమ నున్నని పట్టుగుడ్డ ఉంచాలి. విగ్గు కింద మెత్తని నూలు టోపీ వెచ్చదనాన్నిస్తుంది. కొబ్బరినూనె రాయవద్దు, చలికి పేరుకొని లోపలి వలకు దుమ్ము పట్టిస్తుంది. పది పన్నెండు సార్లు ధరించాక గోరువెచ్చని నీటిలో, తేలికపాటి షాంపూతో, పైనుంచి కిందికి కడగాలి. పిండకుండా తువ్వాలులో అద్ది, నీడలో బోర్లించిన చెంబుపై ఆరబెట్టాలి. ఆరిన తరువాత కొసల నుంచి మొదలుపెట్టి దువ్వాలి. హీటరు దగ్గర, పొయ్యి దగ్గర పెట్టవద్దు. తడి ఆరని విగ్గు ధరిస్తే తలకు చలి, దురద తప్పవు. పడుకునేముందు తీసివేసి టోపీ పెట్టుకోవాలి.

ఆ తల్లి ముఫ్తీ గారిని సంప్రదించి, ఆ విగ్గును పక్కన పెట్టి, నూలు టోపీ మీద వెచ్చని స్కార్ఫు కట్టుకొనసాగారు. ఫజ్ర్‌కు ముందే లేచి కోడలు నీళ్లు కాచి ఇస్తున్నదని మనవడు మాకు చెప్పాడు. చికిత్స ముగిసిన కొన్ని నెలలకు ఆమె తలపై లేత జుట్టు మొలిచింది. వ్యాధిగ్రస్తుల ఇళ్లలో ఉన్నవారికి మా మనవి ఇదే: బోడితలను చూసి నవ్వకండి, జాలిమాటలతో నొప్పించకండి, తెల్లవారుజామున ఒక చెంబు వేడినీళ్లు అందించండి.

అల్లాహ్ వ్యాధిగ్రస్తులకు స్వస్థతను, సేవ చేసేవారికి ప్రతిఫలాన్ని ప్రసాదించుగాక! ఆమీన్.