పికప్ ఎక్కడ పోయింది?

మల్కాజ్‌గిరిలోని ఓ గ్యారేజీలో మీకు ఇంటర్వ్యూ అనుకుందాం. ఎదురుగా పాత స్పోర్ట్స్ కారు. మొన్నటిదాకా బాగా లాగేది, టైమింగ్ బెల్టు మార్చాక పికప్ పోయింది. ‘ముందు ఏం చూస్తావ్?’ అనడిగారు. ‘ప్లగ్గులు మార్చేస్తా సార్’ అన్నారో, ఉద్యోగం చేజారినట్టే!

చివరిగా చెయ్యి పడిన చోటే మొదట వెతకాలి. క్రాంక్‌షాఫ్ట్ 2 చుట్లు తిరిగితే క్యామ్‌షాఫ్ట్ 1 చుట్టు తిరుగుతుంది. బెల్టు ఒక్క పన్ను జరిగినా వాల్వులు వేళ తప్పుతాయి. ఇంజిన్ స్టార్టవుతుంది, కానీ లాగదు. అందుకే ముందు ఊడిన వాక్యూమ్ గొట్టాలు, టైమింగ్ గుర్తులు చూడండి. ఆ తర్వాతే గేజ్‌తో కంప్రెషన్, ఫ్యూయల్ ప్రెషర్.

ఐటీఐ అయినా, బీటెక్ అయినా పార్టులు మార్చడం ఎవరైనా నేర్చుకోవచ్చు. కారణం పట్టుకునేవారికే గిరాకీ.