చిన్న మాట... 645 అర్థాలు!

ముక్కు కారుతుంది. చీర రంగు దిగుతుంది. మిల్లు ఆడుతుంది. కొట్టు నడుస్తుంది. ఇంట్లో బియ్యం నిండుకుంటాయి. మనకి ఒక్కో సందర్భానికి ఒక్కో క్రియ. ఇంగ్లిష్‌వాళ్లు వీటన్నిటినీ ‘రన్’ అనే ఒక్క మాటతో గట్టెక్కిస్తారు. ఒకటో తరగతి పిల్లాడికి కూడా వచ్చిన మాటే ఇది. ఆక్స్‌ఫర్డ్ ఇంగ్లిష్ డిక్షనరీ మాత్రం క్రియగానే దీనికి 645 అర్థాలు తేల్చింది. నామవాచకంగా దీనికున్న అర్థాల లెక్క వేరే.

ఆ లెక్క తేలడం వెనక పెద్ద శ్రమే ఉంది. జేమ్స్ మర్రే 1879లో ఆ నిఘంటువు సంపాదకత్వం చేపట్టాడు. ఎక్కడెక్కడి పాఠకులో పుస్తకాలు చదివి, ఒక్కో మాట వాడిన వాక్యాన్ని ఒక్కో చీటీ మీద రాసి పంపేవారు. వాటిని అరల్లో సర్ది, కాలక్రమంలో పేర్చి, అర్థాలు విడదీసేవారు. తొలి భాగం 1884లో వచ్చింది. చివరిది 1928లో వచ్చేనాటికి మర్రే పోయి పదమూడేళ్లు. అప్పట్లో అన్నిటికన్నా పెద్ద పద్దు ‘సెట్’ది. 1989 నాటి రెండో కూర్పులోనూ 430 అర్థాలతో అదే ముందుంది. మూడో కూర్పు కోసం పీటర్ గిల్లివర్ అనే నిఘంటుకారుడు ‘రన్’ ఒక్కదాని మీదే తొమ్మిది నెలలు కూర్చున్నాడు. 2011లో ఆ పని బయటికొచ్చేసరికి ‘సెట్’ వెనకబడిపోయింది.

‘రన్’ ఎందుకిలా పెరిగింది? మాట పుట్టుకలోనే కొంత జవాబుంది. కాళ్లతో పరుగెత్తడం, నీళ్లు పారడం రెండూ మొదటినుంచీ ఇందులో ఉన్నాయి. దీనికి చుట్టమైన జర్మన్ మాట ‘రిన్నెన్’కి ఇప్పటికీ పారడమనే అర్థం. ఆగకుండా సాగేది ఏదైనా సరే, ఈ మాట కిందికి రావచ్చన్నమాట. ఆ తర్వాత యంత్రాలొచ్చాయి. మరమగ్గం, ఆవిరి ఇంజిను, రైలు, మన కాలానికి కంప్యూటర్ ప్రోగ్రాం... కొత్తది వచ్చినప్పుడల్లా దాన్ని నడపడానికి పాత మాటే పనికొచ్చింది. ‘రన్’ని ఇంత చేసింది పారిశ్రామిక యుగమేనని రచయిత సైమన్ వించెస్టర్ వాదన. నాకూ అదే సబబుగా తోస్తుంది.

అయితే యంత్రాలతోనే కథ అయిపోలేదు. క్రికెట్‌నే తీసుకోండి. తొలిరోజుల్లో స్కోరు లెక్క రాసేవాడి చేతిలో కర్ర ఉండేది. బ్యాటర్లు ఈ కొస నుంచి ఆ కొసకి చేరినప్పుడల్లా కత్తితో దాని మీద ఒక గాటు. అందుకే వాటిని ‘నాచ్‌లు’, అంటే గాట్లు అనేవారు. లెక్క కాగితం మీదికి మారాక గాటు పోయింది, పరుగు మిగిలింది. ఇప్పుడు బంతిని స్టాండ్స్‌లోకి కొట్టి, అడుగు కదపకుండా నిలబడ్డా ఆరు పరుగులే!

ఎన్నికల్లో అమెరికన్ అభ్యర్థి ‘రన్’ చేస్తాడు. బ్రిటన్‌వాడు ‘స్టాండ్’ అవుతాడు. మనవాళ్లు కూడా ఎన్నికల్లో నిలబడేవాళ్లే. ఇక బ్యాంకుల దగ్గర ఈ మాట వినబడితే గుండె ఝల్లుమంటుంది. 2023 మార్చి 9న ఒక్కరోజులోనే 4,200 కోట్ల డాలర్లు వెనక్కి తీసుకోవడానికి సిలికాన్ వ్యాలీ బ్యాంకు ఖాతాదారులు ఎగబడ్డారు. మర్నాడే బ్యాంకు మూతపడింది. అలా ఎగబడటాన్నే ‘బ్యాంక్ రన్’ అంటారు.

ఇదంతా చెప్పడానికి కారణం మన పిల్లలు. విదేశాల్లో పై చదువుల పరీక్షల కోసం జాబితాలు ముందేసుకుని, జన్మలో ఒక్కసారి కూడా వాడని పెద్ద పెద్ద మాటలు వేలకొద్దీ బట్టీ పడతారు. తీరా అక్కడికి వెళ్లాక పక్కింటావిడ ‘రన్ ఇంటూ’ అంటే అనుకోకుండా ఎదురుపడటమని, ‘రన్ బై’ అంటే ఓ మాట చెప్పి అభిప్రాయం అడగడమని తెలియక తెల్లమొహం వేస్తారు. తప్పు వాళ్లది కాదు. ‘రన్ అంటే పరుగెత్తు’ అని ఒక్క ముక్క చెప్పి ముందుకెళ్లిపోయిన పాఠాలది.

నిజానికి తెలుగు పిల్లలకి ఇది అర్థంకాని విద్యేం కాదు. మన ‘పట్టు’నే చూడండి. చేపలు పడతాం. ఇనుముకి తుప్పు పడుతుంది. జలుబు పడుతుంది, నిద్ర పడుతుంది, చెమట పడుతుంది. ఊరెళ్లడానికి గంట పడుతుంది. నిరుటి చొక్కా ఈ ఏడు పట్టదు. ఇన్ని అర్థాలనీ ఐదేళ్ల పిల్లలు ఎవరూ నేర్పకుండానే పట్టేస్తారు. వాక్యంలో విన్నారు కాబట్టి వచ్చాయి, జాబితాలో చదివి కాదు.

ఇంగ్లిష్ చెప్పే మాస్టార్లూ, టీచరమ్మలూ! రేపటి క్లాసులో కొత్త మాటలు పది రాయించే బదులు ‘రన్’, ‘సెట్’, ‘గెట్’, ‘టేక్’లలో ఒక్కటి బోర్డు మీద రాయండి. పిల్లల చేత దాంతో పది రకాల వాక్యాలు చెప్పించండి. ‘పట్టు’తోనో ‘కొట్టు’తోనో మొదలుపెడితే మరీ మంచిది.